నీళ్ల మీద తెల్ల పురుగుల గురించి, బుజ్జికి

బుజ్జి తల్లీ,

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. తాబేలు తొట్టెలో నీళ్ల మీద తెల్లటి నలుసుల్లాంటివి తిరుగుతున్నాయి, వేలు పెడితే చటుక్కున ఎగురుతున్నాయి. ఆ ఎగరడమే వాటి గుర్తు. వాటిని స్ప్రింగ్‌టెయిల్స్ అంటారు. పొట్ట కింద ముడుచుకున్న చిన్న తోక ఉంటుంది, దాన్ని విదిలించి గెంతుతాయి. కుట్టవు, రక్తం తాగవు. బూజు, పాచి, కుళ్లిన తిండి తిని బతుకుతాయి. నీ తాబేలు వాటిని మింగినా ఏమీ కాదు. ముందు టెన్షన్ మానుకో.

స్ప్రే కొట్టనా అని అడిగావు. వద్దమ్మా, ఆ గదిలోనే కొట్టకు. మా తాబేలు వచ్చిన మొదటి ఏడాది చీమలు పట్టాయని నేను తొట్టె చుట్టూ చీమల చాక్‌పీస్ గీశాను. అది ఉత్త సున్నం కాదు, పురుగుమందే. నీళ్లు మార్చేటప్పుడు తడిచేత్తో ఆ గీతలు తాకి, అదే చెయ్యి తొట్టెలో పెట్టాను. రెండు రోజులు అది తిండి ముట్టలేదు. డాక్టరుకు చూపించి, నీళ్లన్నీ మార్చి, అది మళ్లీ ఒక గింజ తినేదాకా నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు చీమలు వస్తే స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడతాను, అంతే.

పురుగులు ఎక్కడ పుడుతున్నాయో వెతుకు. నాకైతే, తాబేలు ఎండ కాగే మెట్టు మీద వేసిన కొబ్బరిపీచు చాప మీదే అనుమానం. ఎప్పుడూ తడిగా ఉంటే లోపల బూజు పడుతుంది, అదే వాటికి విందు. తీసి పారెయ్యి. దాని బదులు కాస్త గరుకుగా ఉన్న రాతిపలక పెట్టు. ఆ చోటు ఎప్పుడూ పొడిగా ఉండాలి. డిప్ప పూర్తిగా ఆరకపోతే దానికే బూజు పట్టి మెత్తబడుతుంది, అది పురుగులకంటే పెద్ద సమస్య.

తర్వాత తిండి. తొట్టెలో వెయ్యకు. వేరే టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, తాబేలును అందులో పెట్టి, దాని తలకాయంత మేత గింజలు వేసి, పావుగంట తర్వాత మళ్లీ తొట్టెలో పెట్టు. మిగిలిన ఎంగిలి టబ్బుతోనే పోతుంది. నా అనుభవంలో సగం పురుగులు ఈ ఒక్క అలవాటుతోనే తగ్గాయి.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకు. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి, మురికిని విరిచే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండు. వారానికోసారి మూడోవంతు నీళ్లు మార్చు. ఇప్పుడు పైన తేలేవాటికి, న్యూస్‌పేపరు ముక్క నీళ్ల మీద పరిచి ఎత్తెయ్యి, అంటుకుని వచ్చేస్తాయి.

బాత్రూంలో కనిపించే బూడిదరంగు బొచ్చు ఈగలు తొట్టె దగ్గర కనిపిస్తే ఫిల్టర్‌లో జిగురు పేరుకుందని అర్థం. నీళ్లలో మెలికలు తిరిగేవి దోమపిల్లలు. వాటిని తాబేలే తినేస్తుంది కానీ, పక్కన బక్కెట్లో నీళ్లు నిలవ ఉంచావంటే వారం పది రోజుల్లో దోమలైపోతాయి. వానాకాలం, డెంగీ రోజులు, ఇంట్లో చంటిది ఉంది. ఇక తాబేలు పుండు మీద ఈగ వాలి తెల్లటి పురుగులు పడినా, కళ్లు వాచినా, డిప్ప వాసన వచ్చినా ఇంటి వైద్యం చెయ్యకు, అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లు.

తాబేలును తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, దాని సామాను వంటింటి సింకులో కడగొద్దు. ఎంత ఆరోగ్యంగా కనిపించినా తాబేలు ఒంటిమీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అది చంటిపిల్లలకు ప్రమాదం.

విసుగొచ్చి చెరువులో వదిలేద్దామని మీ ఆయన అన్నాడట. ఆ మాట మళ్లీ రానివ్వకు. చెవుల దగ్గర ఎర్ర చార ఉన్న ఈ జాతి అమెరికాది, మన చెరువుల్లో పడితే మన తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది. సాకలేకపోతే నాకు చెప్పు, నేనే తెచ్చుకుంటాను.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. చాప తీసేసిన మెట్టూ, ఫిల్టర్ లోపలా దగ్గరగా చూపించు.

నీ అత్తయ్య