బస్సులో తెచ్చిన నాటుకోడి గుడ్లు పిల్లలవుతాయా?

వేరే ఊరి నుంచి గుడ్లు తెప్పించి ఇంక్యుబేటర్‌లో పెడితే పిల్లలు లేస్తాయా, ఒక్కో గుడ్డు ఎంతకి కొనొచ్చు అని అడిగారు.

లేస్తాయి. నేను తణుకు నుంచి గుడివాడకి రెండు బస్సులు మారి 13 గుడ్లు తెచ్చాను, 7 లేచాయి. ఇక ఎంతకి కొనొచ్చు అన్నారు చూడండి, నా గొడవంతా దాని గురించే. పొదగేసే గుడ్డు కొనేది కాదండీ. అడిగి తెచ్చుకునేది, రేపు ఇంకొకరు అడిగితే ఇచ్చేది. ఫోన్‌లో ఒకాయన పందెం జాతి అంటూ గుడ్డుకి 300 అడిగాడు, తండ్రి పుంజు ఫొటో కూడా పెట్టాడు. ఒకసారి పుంజుతో కలిశాక పెట్ట రెండు వారాల దాకా ఆ పుంజు గుడ్లే పెట్టొచ్చు. మధ్యలో దొడ్లోకి ఏ పుంజు వచ్చి వెళ్ళిందో ఆయనకేం తెలుసు? గుడ్డు మీద తండ్రి పేరు రాసుంటుందా?

నావి మా మేనత్త ఇచ్చినవి. స్టీలు క్యాన్‌లో ఊక పోసి, గుడ్డు గుడ్డుకీ మధ్య మళ్ళీ ఊక పోసి ఇచ్చింది. కైకలూరు దగ్గర చేపల లారీలు రోడ్డుని ఏం చేశాయో ఆ దారిన వెళ్ళేవాళ్ళకి చెప్పక్కర్లేదు. గుంత వచ్చినప్పుడల్లా క్యాన్‌ని ఒళ్ళోంచి పైకి లేపి పట్టుకున్నాను. పక్క సీటు పెద్దాయన "నెయ్యా అమ్మా?" అని అడిగారు.

ఇంటికి రాగానే ఇంక్యుబేటర్‌లో పెట్టేయలేదు. సన్నటి కొన కిందికి ఉండేలా ఒక రోజంతా కదపకుండా ఉంచాను. కుదుపులకి వెడల్పు వైపుండే గాలి గది చెదురుతుంది, అది సర్దుకోవాలి. ఈ ఒక్క పనీ చేయకుండా గుడ్లిచ్చిన వాళ్ళని తిట్టేవాళ్ళే ఎక్కువ.

ఏడో రోజు చీకట్లో సెల్ లైటు పెట్టి చూస్తే పదింటిలో ఎర్ర నరాలు సాలెగూడులా కనిపించాయి. మిగతా మూడూ ఖాళీ. అంతా బాగానే ఉందనుకుంటే 18వ రోజు రాత్రి గాలివాన, కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ ఆ ఎండాకాలమే చచ్చింది. 37.5 డిగ్రీలు ఉండాల్సింది 36కి, 35కి దిగింది. దుప్పటి కప్పాను. పదింటికి 33. ఒకటే టెన్షన్.

అప్పుడు గుర్తొచ్చింది, వెనక వీధి పిన్నిగారి పెట్ట పొదుగుకొచ్చి ఉంది. పది రోజులుగా ఖాళీ గంపలో కూర్చుంటోందని, నీళ్ళలో ముంచినా లేవట్లేదని ఆవిడ మొత్తుకుంటున్నారు. పది గుడ్లూ కొంగులో పెట్టుకుని టార్చి వేసుకుంటూ వెళ్ళాను.

"లైటార్పమ్మా, చూసిందంటే పొడుస్తుంది" అన్నారు. చీకట్లోనే ఒక్కో గుడ్డునీ అరచేతి కింద దాచి పెట్ట కడుపు కిందికి తోశారు. కుర్రుమంది, రెక్కలు కాస్త విప్పింది. చివరి గుడ్డుని తనే ముక్కుతో లోపలికి లాక్కుంది. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని పిన్నిగారు గంపలో ఒక పాత గొళ్ళెం, రెండు ఎండుమిరపకాయలు కూడా వేశారు. నేను నవ్వలేదు. ఆ రాత్రి ఎవరేం చెప్పినా నమ్మేదాన్నే.

22వ రోజు పొద్దున్న ఏడు పిల్లలు. ఇక పంపకం. గుడ్లు ఒకరివి, కోడి ఒకరిది అయితే పిల్లలు సగం సగం. ఏడుని సగం చేయడం ఎలా? "నాకు మూడు చాలు. ఆ ఏడోది పెట్టయితే తొలి గుడ్లు నాకివ్వు, పుంజయితే నీ ఖర్మ" అన్నారు.

ఇంకో తలనొప్పి టీకా. కొక్కెర రోగానికి వారంలోపు లసోటా చుక్క కంట్లో వేయాలి. మా ఊరి మందుల షాపులో వంద డోసుల సీసా కంటే చిన్నది లేదు. నా దగ్గరేమో నాలుగు పిల్లలు. మందు కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, దాచుకోవడానికి లేదు. అందుకే ఆ ఆదివారం కోళ్ళున్న ఇళ్ళవాళ్ళందరికీ కబురు పెట్టాం. బుట్టల్లో, అట్టపెట్టెల్లో, ఒకాయనైతే హెల్మెట్‌లో పెట్టుకుని పిల్లల్ని తెచ్చారు. ఎవరి పెట్ట ఎప్పుడు పొదుగుకొస్తుంది, ఎవరి గుడ్లు ఎవరికి అన్నీ అక్కడే మాటలైపోయాయి. డబ్బు ఊసే రాలేదు, సీసా ఖరీదు తప్ప.

మీది ఏ ఊరో రాయలేదు. గుడివాడ దగ్గరైతే రండి, గుడ్లిస్తాను. ఆ ఏడోది పుంజే అయింది. తెల్లవారుజామున మూడున్నరకే కూస్తోంది, పక్కింటివాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. గుడ్లతో పాటు దాన్ని కూడా తీసుకెళ్ళాలి మరి.