గంజాయి అలవాటు: కేసు భయంతో వైద్యం ఆపవద్దు

ఇంజినీరింగ్ చదువుతున్న మీ తమ్ముడి బ్యాగులో గంజాయి పొట్లం దొరికిందనీ, ప్రభుత్వాసుపత్రికి వెళితే పోలీసు కేసవుతుందేమోనని భయపడి ఏదైనా ప్రైవేటు కేంద్రంలో గుట్టుగా చేర్చాలనుకుంటున్నారనీ రాశారు. గుంటూరులో మా అక్క కొడుకు విషయంలో మా ఇంట్లోనూ ఇదే చర్చ జరిగింది. మేనమామగా వాడి వెంట తిరిగినవాణ్ణి కనుక నాకు తెలిసినంత చెబుతాను.

మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడినవారు తమంతట తాము ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన వైద్యశాలలో చికిత్స తీసుకుంటే, వాడినందుకు గానీ స్వల్ప పరిమాణం దగ్గర పెట్టుకున్నందుకు గానీ విచారణ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి స్వల్ప పరిమాణమంటే కిలో వరకు. అంతకు మించితే ఈ రక్షణ వర్తించదు. మన్యం సరుకు విజయవాడ మీదుగా రవాణా అవుతుంది కనుక, ‘ఈ బ్యాగు ఒక్కటి చేరవెయ్యి, ఖర్చులకు ఇస్తాం’ అంటూ విద్యార్థులను దించేవారు ఉంటారు. అందులో ఎన్ని కిలోలు ఉన్నాయో మోసేవాడికి తెలియకపోవచ్చు. కాబట్టి ఎంత తాగుతున్నాడన్నదానికంటే ముందు, ఎవరికైనా తెచ్చి ఇస్తున్నాడా అన్నది మీ తమ్ముణ్ణి అడగండి.

ప్రైవేటు కేంద్రాలన్నీ చెడ్డవని అనను. మేము చూడబోయిన ఒకచోట మాత్రం మానసిక వైద్యులు ఏ రోజుల్లో వస్తారో చెప్పలేకపోయారు, మేడమీది గదికి బయటినుంచి తాళం వేసి ఉంది. గొలుసులతో కట్టివేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని అక్కడివారికి తెలుసో లేదో! మా బావగారు అడ్వాన్సు ఇవ్వకుండానే తిరిగి వచ్చేశారు.

మరునాడు గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగానికి ఓపీ చీటీ రాయించుకుని వెళ్లాం. మావాడి పెన్సిల్ పౌచ్‌లో గంజాయి చుట్టుకునే ఓసీబీ పేపర్లతోపాటు, కళ్ల ఎరుపు కనిపించకుండా వేసుకునే చుక్కల మందు సీసా కూడా ఉండేది. అక్క ఆ రెండూ తీసుకువచ్చి బల్లమీద పెట్టింది. డాక్టరుగారు వాటిని పక్కకు జరిపి, మద్యం, ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు కూడా వాడుతున్నావా అని మావాణ్ణి అడిగారు. రోజూ ఎక్కువగా తాగేవారు మద్యం ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, అది ప్రాణాంతకం కూడా. గంజాయికి అంత ప్రమాదం లేకపోయినా, మొదటి వారమంతా నిద్ర పట్టదు, అన్నం సహించదు, అయినదానికీ కానిదానికీ కోపం వస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లో పంచాయతీలు పెట్టకండి.

రెండు వారాలు దాటాక కూడా మూత్ర పరీక్షలో పాజిటివ్ రావడంతో, దొంగచాటుగా మళ్లీ మొదలుపెట్టాడని మా బావగారు వాడిమీద చెయ్యెత్తారు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం శరీరంలోని కొవ్వులో నిలిచిపోతుందనీ, రోజూ వాడినవారిలో మానేసిన తరువాత కూడా వారాల తరబడి దాని జాడ కనిపించవచ్చనీ డాక్టరుగారు చెప్పాకే ఆయన శాంతించారు. పరీక్ష చేయించదలిస్తే వైద్యులు చెప్పినప్పుడే చేయించండి. ఆసుపత్రికి వెళ్లేలోపు మాట్లాడదలిస్తే 14446 కు ఫోన్ చేయవచ్చు, ఖర్చేమీ లేదు.