పాఠకుల ప్రశ్నలు: శ్రావణంలో మీ చేలో నీరెంత?

ప్రశ్న: మాది ఆత్రేయపురం వైపు లంక పొలం, రెండెకరాలు. 2022 జూలై వరదకి చెరకు తోట వారం రోజులు నీళ్ళలో ఉండి పాడైపోయింది. ఈసారి మళ్ళీ చెరకు వేద్దామనుకుంటున్నాను. మా బావమరిది కో 86032 వేయమంటున్నాడు. ఏ రకం మంచిదంటారు?

జవాబు: మీ బావమరిది చెప్పింది మంచి రకమేనండీ. తమిళనాడు, మహారాష్ట్రల్లో దాన్ని అంతలా వేస్తున్నారంటే ఊరికే కాదు. నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది, కార్శి (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పంట) కూడా బాగా వస్తుంది. కానీ మీ లంకలో సమస్య ఎద్దడి కాదు కదా. వేసవిలో కాలువలు కట్టేసినా మీకు ఫిల్టర్ పాయింటు (లోతు తక్కువ బోరు) ఉంటుంది. తోటని పాడు చేసేది గోదావరి. అందుకే రకం పేరు అడిగేవాళ్ళని ముందు నేనొకటి అడుగుతాను. శ్రావణంలో మీ చేలో నీరు ఎంత లోతు, ఎన్నాళ్ళు నిలుస్తుంది?

నీరు మోకాలి లోతులో ఉండి పది రోజులకి తీసేదైతే 83వి15 వేయండి. ముంపు నేలలకి పనికొచ్చే రకం. ఇలాంటి రకాల్లో చిత్రం ఏమిటంటే, నీట మునిగిన కణుపుల చుట్టూ తెల్లగా, మెత్తగా కొత్త వేళ్ళు పుట్టుకొస్తాయి. కింద వేరు ఊపిరాడక నల్లబడుతున్నా మొక్క ఈ వేళ్ళతో బతికిపోతుంది. ఈసారి ముంపు వచ్చినప్పుడు చేలో దిగి గడని తడిమి చూడండి, చేతికి తగులుతాయి. మొవ్వు, అంటే గడ కొసన ఉండే లేత చిగురు, మునిగితే మాత్రం ఏ రకమూ ఎక్కువ రోజులు ఆగదు. బురద నీళ్ళయితే ఇంకా తొందరగా కుళ్ళుతుంది. మొవ్వు చచ్చాక పక్క కళ్ళు (కణుపుల దగ్గరి మొగ్గలు) మొలిచి గడంతా పిలకలేస్తుంది. తోట పచ్చగా కనిపిస్తుంది గానీ రసంలో తీపి ఉండదు.

కాబట్టి రకంతో పాటు తేదీ కూడా చూసుకోవాలి. సంక్రాంతి వెళ్ళగానే ముచ్చెలు (విత్తనంగా నాటే చెరకు ముక్కలు) నాటేయండి. వరద వచ్చే నాటికి గడ మనిషెత్తు దాటి ఉండాలి. ఏప్రిల్‌లో నాటి ముంపు రకం వేశానంటే లాభం లేదు. జడచుట్లు (గడలు పడిపోకుండా ఆకులతో కలిపి కట్టే కట్లు) కూడా వరద ముందే వేయించండి, పడిపోయిన గడ మొవ్వుతో సహా మునుగుతుంది.

అన్నట్టు, ఈ పేర్లు చూసి చాలామంది బెదిరిపోతారు. 83 అనేది ఏడాది, వి అంటే ఉయ్యూరు పరిశోధన స్థానం. ఎ అంటే అనకాపల్లి, ఆర్ అంటే రుద్రూరు. కో అంటే కోయంబత్తూరు, 1912లో పెట్టిన చెరకు ప్రజనన సంస్థ అక్కడుంది. పేరులోనే పుట్టిల్లు ఉంటుందన్నమాట. మన కోడలు ఏ ఊరి పిల్లో తెలుసుకున్నట్టే తెలుసుకోవాలి.

ఇక అసలు టెన్షన్ పడాల్సింది రకం గురించి కాదు, విత్తనం గురించి. నా సంగతే చెబుతాను. పెళ్ళయిన కొత్తలో కో.సి. 671 అనే రకం మీద మోజు పడ్డాను. తొందరగా పక్వానికొస్తుంది, పంచదార దిగుబడి ఎక్కువ. పక్క ఊళ్ళో ఒకాయన తోట చూసి అక్కడి గడే కొట్టించి తెచ్చాను. ఒక్క గడ కూడా చీల్చి చూడలేదు. సెప్టెంబరుకి పైనుంచి మూడో ఆకు, నాలుగో ఆకు పసుపెక్కడం మొదలైంది. యూరియా తక్కువైందనుకుని ఇంకో బస్తా చల్లాను! మా నాన్న వచ్చి ఒక గడ విరిచి కత్తితో నిలువునా చీల్చారు. లోపల ఎర్రగా ఉంది, ఆ ఎరుపుకి అడ్డంగా తెల్ల మచ్చలు. పుల్లగా కల్లు వాసన. ఎర్రకుళ్ళు. ఆ ఏడాది బెల్లం వండలేదు.

ఈ తెగులు మనకి కొత్తదేం కాదు. 1900 ప్రాంతంలో గోదావరి డెల్టా తోటల్ని నాశనం చేసింది. దానికి విరుగుడు వెతకడానికే 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు. అక్కడినుంచే ఎర్ర మారిషస్ చెరకు మన పల్లెలకి వచ్చింది. ఎర్రకుళ్ళు ముచ్చెతో వస్తుంది, పారే నీటితోనూ వస్తుంది. లంకలో నీరు ఎవరి చేలోంచి వస్తోందో మీకు తెలియదు కనుక విత్తనం దగ్గరైనా జాగ్రత్త పడండి. ఏడెనిమిది నెలల విత్తనపు తోట నుంచే తీసుకోండి. ఎకరాకి పదహారు వేల మూడు కళ్ళ ముచ్చెలు పడతాయి. నరికేటప్పుడు కోసిన చోట ఎరుపు కనిపిస్తే ఆ గడ పక్కన పడేసి, కత్తిని కూడా శుభ్రం చేయండి. 671 జోలికి మాత్రం మన ముంపు నేలల్లో వెళ్ళొద్దు.

ప్రశ్న: రాజోలు దగ్గర మా చేలో వండిన బెల్లం ఉప్పగా ఉంటోంది, అచ్చు కూడా గట్టిపడటం లేదు. రకం మారిస్తే బాగుపడుతుందా?

జవాబు: బాగుపడదండీ. ఉప్పు మీ నేలలోనో బోరు నీళ్ళలోనో ఉంది. చెరకు దాన్ని పీల్చి రసంలో పెడుతోంది. ముందు మట్టీ నీళ్ళూ పరీక్ష చేయించండి. ఉప్పు మరీ ఎక్కువ లేకపోతే ముచ్చెల్ని బోదె (మట్టి గట్టు) నెత్తిన కాకుండా చాల్లోనే పెట్టండి. నీరు ఆవిరవుతుంటే ఉప్పు పైకెక్కి నెత్తినే పేరుకుంటుంది. యూరియా కూడా మూడు నెలల లోపే ఆపేయండి, ఆలస్యంగా వేసిన నత్రజనికి బెల్లం మెత్తబడుతుంది. పరీక్షలో ఉప్పు ఎక్కువని తేలితే కొబ్బరి పెట్టుకోండి. చెరకు మీదున్న ప్రేమ కొద్దీ డబ్బు తగలేయకండి.

ప్రశ్న: కార్శి ఎన్నేళ్ళు ఉంచవచ్చు? నా తోటలో కొన్ని దుబ్బులు పసుపెక్కాయి. ఆకు కవర్లో పెట్టి పంపుతున్నాను.

జవాబు: ఆకు ఎండిపోయి పొడిగా చేరిందండి, దాన్ని చూసి ఏమీ చెప్పలేను. గడని నిలువునా చీల్చి చూడండి. ఎరుపులో తెల్ల మచ్చలుంటే కార్శి మాట మరిచిపోండి. ఆ దుబ్బుల్ని వేళ్ళతో సహా తవ్వి కాల్చేసి, తోట నరికాక ఆ చేలో వరి వేయండి. మచ్చల్లేకపోతే లంకలో ఒక కార్శి, మెరకలో రెండు. అనుమానముంటే చీల్చిన గడ ఫొటో పంపండి, వచ్చే సంచికలో చూద్దాం.