పాస్‌వర్డ్ పోయిందని గడువు ఆగదు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మాది మిర్చి వ్యాపారం. నాలుగేళ్ల లెక్కలన్నీ దుకాణంలోని సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. దాన్ని చూసుకునే కుర్రాణ్ని సొంత తమ్ముడిలా చూశాం. జీతం దగ్గర మాటా మాటా పెరిగి, అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పకుండానే మానేశాడు. ఒక వ్యాపారి మాకు 14 లక్షలు బాకీ. ఆయనకు ఆఖరి లోడు పంపి రెండేళ్ల పది నెలలైంది. కుర్రాడి మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? మా బావమరిది పది నిమిషాల్లో పాస్‌వర్డ్ మార్చేస్తానంటున్నాడు. మార్చనివ్వమంటారా?

జవాబు: కుర్రాడి సంగతి తర్వాత. మీ ఉత్తరంలో అసలు విషయం ఆ రెండేళ్ల పది నెలలు. డబ్బు ఎప్పుడు కట్టాలో రాసుకోకపోతే, సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఏ లోడు గడువు దానిదే. ఆఖరి లోడుకు రెండు నెలలే మిగిలాయి, పాత లోడ్లలో కొన్నిటికి ఇప్పటికే దాటిపోయి ఉండొచ్చు. పాస్‌వర్డ్ పోయిందంటే కోర్టు ఒక్క రోజు కూడా కలపదు. గడువులోపల ఆయన చెక్కుతో కొంత కట్టాడా, బాకీ ఒప్పుకుంటూ ఎక్కడైనా సంతకం పెట్టాడా? వీటిలో ఏది జరిగినా ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ముందు ఆ కాగితం వెతకండి.

సర్వర్ కొన్న బిల్లు మీ దుకాణం పేరున ఉంటే పాస్‌వర్డ్ మార్చుకోవడం నేరం కాదు. ఐటీ చట్టం 43వ సెక్షన్ తప్పుపట్టేది యజమాని అనుమతి లేకుండా చొరబడటాన్ని. అయినా సరే, మీ బావమరిదిని ఆ మెషిన్ ముట్టుకోనివ్వకండి. ఆయన చెప్పేది స్కిప్-గ్రాంట్-టేబుల్స్ పద్ధతి, అంటే పాస్‌వర్డ్ తనిఖీ ఆపేసి డేటాబేస్‌ను లేపడం, అయి ఉంటుంది. అలా లేపిన సర్వర్ ఎవరినీ పాస్‌వర్డ్ అడగదు, వచ్చినవాళ్లకల్లా అన్ని అధికారాలూ ఇచ్చేస్తుంది. "ఆ పది నిమిషాల్లో అంకెలు మార్చలేదని ఏమిటి నమ్మకం?" అని రేపు ఎదుటి లాయరు అడిగితే బోనులో నిలబడి ఏం చెబుతారు? కుర్రాడి ఈమెయిల్‌లోకి దూరే ఆలోచన అసలే వద్దు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే అదే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.

బయటి నిపుణుడితో డిస్కుకు నకలు తీయించండి. అప్పుడు వచ్చే హాష్ విలువను (డిస్కులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) తేదీతో రాయించి, అసలు డిస్కును సీలు వేసి బీరువాలో పెట్టండి. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ఆ నకలు మీదే పాస్‌వర్డ్ మార్పించండి. అందులోంచి తీసిన లెక్కల ప్రింటు కోర్టులో చెల్లాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి.

ఖాతాలో పద్దు ఉన్నంతమాత్రాన బాకీ రుజువు కాదని అదే చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. కాటా చీటీలు, లారీ రసీదులు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. వీటికి సర్వర్‌తో పనిలేదు, ఇవాళే పోగుచేయండి. నాలుగేళ్ల లెక్కలకు ఒక్క బ్యాకప్ కూడా లేకుండా తాళం ఒక్కడి చేతిలో పెట్టడం మీ తప్పు. గల్లాపెట్టె తాళం ఇలా ఇచ్చేవారా?

ఇది 3 లక్షలు దాటిన వాణిజ్య వివాదం. అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఈ వారమే దరఖాస్తు పెట్టండి. మధ్యవర్తిత్వం నడిచిన కాలం గడువు లెక్కలోకి రాదు.

కుర్రాడి మీద చీటింగ్ నిలవదు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, అది మీ దగ్గర లేదు. స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అతనికి జీతం బాకీ ఉంటే లెక్క తేల్చి ఇచ్చేసి, పాస్‌వర్డ్ రాయించుకుని సంతకం తీసుకోండి.