వరుస తెలిసేలా రాయి

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాంగర్ గురించి తెలుగులో రాయాలనుకున్నావు చూడు, అందుకే ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను. మొదటి పేజీ అంతా నోబెల్ బహుమతులతో నింపావు. 1958లో ఒకటి, 1980లో ఒకటి, రెండూ రసాయన శాస్త్రంలోనే. అది ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు. ఆయన చేసిన పని పాఠకుడి కళ్ల ముందు జరగాలి.

ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలనే చిన్న అణువులు కలిసిన గొలుసు. అందులో అవి కచ్చితమైన వరుసలో ఉంటాయన్న నమ్మకం ఆ రోజుల్లో అందరికీ లేదు. కేంబ్రిడ్జిలో సాంగర్ ఆవు జాతి ఇన్సులిన్ అనే ప్రోటీను తీసుకుని, గొలుసు కొసను పట్టుకునే ఒక రసాయనం కలిపాడు. తర్వాత గొలుసును ఆమ్లంలో మరిగించి తుంపులు చేసినా, కొసన ఉన్న అమైనో ఆమ్లాన్ని ఆ రసాయనం వదలదు. దాని పసుపు రంగే ఆనవాలు. ఒక గొలుసు గ్లైసిన్‌తో, రెండోది ఫినైల్ అలనిన్‌తో మొదలవుతాయని అలా పట్టుకున్నాడు. ఆ పసుపు మచ్చ నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నాకైతే కథంతా అక్కడే ఉంది.

మిగతా వరుస ఎలా తెలిసిందో మన జిల్లాలోని ఒక ఊరి పేరుతోనే చెప్పవచ్చు. ‘మిర్యాల’, ‘గూడ’ అని రెండు ముక్కలు దొరికాయనుకో. ఏది ముందో, ఏది వెనకో తెలియదు. వేరేచోట తెంపితే ‘లగూ’ అనే ముక్క దొరికింది. ‘ల’ తర్వాత ‘గూ’ వస్తుందని తెలియగానే మిర్యాలగూడ నిలబడింది. సాంగర్ బృందం ఇలాగే ముక్కకు ముక్క కలుపుతూ 1955 నాటికి మొత్తం 51 అమైనో ఆమ్లాల వరుస తేల్చింది. ఒక గొలుసులో 21, ఇంకోదానిలో 30.

నువ్వు దీన్ని ‘అనుక్రమ శ్రేణి’ అన్నావు. వద్దు నాయనా, ‘వరుస’ అను. పెళ్లిలో కొత్తవాళ్లు కలిస్తే మన పెద్దలు అడిగేది ‘వరుసకు ఏమవుతారు’ అనే కదా. ఇక్కడా అంతే. ఆవు ఇన్సులిన్‌కూ గొర్రె ఇన్సులిన్‌కూ ఒక్కచోటే తేడా. పందికీ మనిషికీ కూడా ఒక్కచోటే. ఆవుకూ మనిషికీ మూడుచోట్ల. పంది, ఆవు ఇన్సులిన్లు దశాబ్దాల పాటు మధుమేహ రోగులను ఎలా కాపాడగలిగాయో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. చుట్టరికాన్నీ క్రమాన్నీ ఒకే మాటతో చెప్పే భాష మనది; ఆ మాటను చేజేతులా వదులుకోకు.

డీఎన్ఏ భాగం మరీ తొందరగా ముగించావు. 1977లో ఆయన ప్రకటించిన పద్ధతిలో, ఒక డీఎన్ఏ పోగును చూసి ఇంకో పోగు అల్లుకుంటూ ఉంటే, ఒక్కో గొట్టంలో ఒక్కో అక్షరం (పోగులో వరుసగా ఉండే రసాయన ముక్క) దగ్గర కొన్ని పోగులు ఆగిపోయేలా చేస్తారు. ఆగిన పోగులను పొడవును బట్టి విడదీస్తే, ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లటి గీతలు నిచ్చెన మెట్లలా పడతాయి. కింది మెట్టు నుంచి పైకి చదువుకుంటూ పోవడమే. ఒక చిన్న వైరస్‌లోని 5,386 అక్షరాలనూ సాంగర్ బృందం ఆ కాలంలోనే చదివింది. అలా గీత తర్వాత గీత కంటితో చదివినవాళ్ల ఓపికను రాయి.

మీది గట్టుప్పలలో నేత ఇల్లు. మీ అమ్మగారు ఆసు పోసేటప్పుడు, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పేటప్పుడు, పక్కన కూర్చుని చూడు: చెయ్యి ఏ మేకు దగ్గర మలుపు తిరుగుతుంది, మధ్యలో పోగు తెగితే వెనక్కి ఎక్కడిదాకా వెళ్లి అందుకుంటుంది. వ్యాసంలో ఆసు పేరు ఎత్తకపోయినా సరే, ఆ చూపు వాక్యాల్లోకి దానంతట అదే వస్తుంది.

బహుమతుల పేజీ తీసేసి, పసుపు మచ్చతో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను. గడియారం సెంటర్‌లో దిగి ఫోను చెయ్యి. చిత్తు ప్రతి కూడా తీసుకురా, కొట్టివేతలు చూడాలి.

నీ శ్రేయోభిలాషి