హ్యాకథాన్‌కు ఐడియా కావాలంటే ముందు జిరాక్స్ కొట్టుకు వెళ్లండి

"మా యూనివర్సిటీలో విద్యార్థులే నడుపుతున్న 24 గంటల హ్యాకథాన్‌లో నలుగురం పాల్గొంటున్నాం. వెబ్ డెవలప్‌మెంట్‌లో బహుమతి వచ్చేలాంటి ప్రాజెక్టు ఐడియాలు చెప్పండి" అని అడిగారు. హ్యాకథాన్ అంటే ఇచ్చిన గంటల్లో కూర్చుని ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చేసి చూపించే పోటీ.

ఐడియాల జాబితా మీకు ఇంకో పది మంది ఇస్తారు. అందులో ఆన్‌లైన్ ఓటింగ్, హాజరు యాప్, రక్తదాతల సైటు, రైతు దగ్గర నేరుగా కొనుక్కునే సైటు తప్పకుండా ఉంటాయి. విద్యార్థిగా నాలుగు హ్యాకథాన్లలో కూర్చున్నాను. ఉద్యోగంలో చేరాక మరో ఆరేడింటికి మెంటరుగానో జడ్జిగానో వెళ్లాను. రక్తదాతల సైటు లేని హ్యాకథాన్ నేనింతవరకు చూడలేదు. ఆ సైట్ల పుణ్యమా అని ఒక్క సీసా రక్తం ఎవరికైనా ఎక్కిందని కూడా వినలేదు.

మేమూ అదే తానులో ముక్కలం. 2018 మార్చి, బీటెక్ మూడో సంవత్సరం. మా సీనియర్లు కాలేజీలో హ్యాకథాన్ పెట్టారు, శనివారం ఉదయం పదకొండు నుంచి ఆదివారం పదకొండు దాకా. మేం ఎంచుకున్నది ఏమిటనుకున్నారు? రైతు నుంచి వినియోగదారుడికి నేరుగా! మా నలుగురిలో పొలం ఉన్నది మా ఇంట్లోనే, అయినా ఐడియా నాది కాదు. మొదటి ఆరు గంటలు లాగిన్ పేజీ చేశాం. ఆరు గంటలు! పాస్‌వర్డ్ మరిచిపోతే ఏం చేయాలో చేశాం, గూగుల్ ఖాతాతో లోపలికి రావడం చేశాం, మొదటి పేజీకి నెట్లో దొరికిన రైతు బొమ్మ పెట్టాం. ఆ రైతు తలపాగా చూస్తే పంజాబ్ రైతని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. మాకు తెలియలేదు.

సాయంత్రం మా నాన్నకు ఫోన్ చేశాను. మాది మిర్చి పంట, మార్చిలో అందరూ కల్లాల దగ్గరే ఉంటారు. "నాన్నా, రైతు నేరుగా అమ్ముకునే సైటు చేస్తున్నాం, గుంటూరు యార్డు రేటు కూడా ఫోనులో చూపిస్తుంది, నీకు పనికొస్తుందా?" అని అడిగాను. "రేటు నాకు రాత్రికే తెలుస్తుందిరా, కమీషన్ కొట్టాయన ఫోన్ చేస్తాడు. ఇప్పుడు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? అది చెబుతుందా మీ సైటు?" అన్నాడు. నేను నవ్వి పెట్టేశాను. ఆ రోజు చేసిన తప్పుల్లో పెద్దది అదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఏడు గంటలకు మా ప్రాజెక్టు సారాంశం మూడు కాపీలు కాగితం మీద ఇవ్వాలన్నారు. వెబ్‌సైట్ల పోటీలో కాగితాలు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. సరే, హాస్టల్ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టుకు వెళ్లాను. సోమవారం ల్యాబ్ రికార్డులు ఇవ్వాలి కాబట్టి అక్కడ తిరనాళ్లలా ఉంది.

రెండు మెషీన్లు, ఒక పాత కంప్యూటర్, ఒక ఫోను, ఒక బాబాయ్. అందరం ఆయన్ను బాబాయ్ అనే పిలిచేవాళ్లం. కౌంటరు మీద అట్టముక్కపై ఆయన వాట్సాప్ నంబరు. అందరూ ఆ నంబరుకే ఫైళ్లు పంపుతున్నారు. ఫోనులోకి వచ్చిన ఆ ఫైళ్లకు వాట్సాప్ అప్పట్లో పెట్టే పేరు ఇలా ఉండేది: డాక్ అని, తర్వాత తేదీ, తర్వాత డబ్ల్యూఏ అని నాలుగు అంకెలు. ఆ రోజు వచ్చిన ఫైళ్లన్నీ డాక్-20180317-డబ్ల్యూఏ తోనే మొదలు. బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "డబ్ల్యూఏ పన్నెండు ఎవరిదయ్యా?" అని అరుస్తున్నాడు. ఎవరి ఫైలుకు బాబాయ్ ఫోనులో ఏ అంకె పడిందో పంపినవాడికి తెలియదు. ముగ్గురు "నాదే" అంటారు. తెరిచి చూస్తే అది నాలుగోవాడి ఫిజిక్స్ అసైన్‌మెంటు. ఒకమ్మాయి పెన్ డ్రైవ్ ఇస్తే అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉన్నాయి. వైరస్. ఇంకొకడు ఆ కంప్యూటర్లోనే మెయిల్ తెరిచి, ప్రింటు తీసుకుని, లాగౌట్ చేయకుండానే వెళ్లిపోయాడు. మూడు కాపీల కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. నలభై నిమిషాలూ ఇదే చూశాను.

తిరిగి వెళ్లి, రైతును పక్కన పెడదామన్నాను. మా గదిలో ఉండే కడప మిత్రుడు లాగిన్ పేజీ వదులుకోవడానికి అరగంట ఒప్పుకోలేదు. కన్నబిడ్డను పోగొట్టుకుంటున్నట్లు చూశాడు. చివరికి ఒప్పుకున్నాడు.

చేసింది ఇంతే. ఒక పేజీ: ఫైలు ఎక్కించు, పేరు రాయి, రోల్ నంబరులో చివరి మూడు అంకెలు రాయి, ఎన్ని కాపీలో, ఒక వైపో రెండు వైపులో చెప్పు. పీడీఎఫ్‌లో ఎన్ని పేజీలున్నాయో బ్రౌజరులోనే లెక్కపెట్టడానికి ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా వాళ్ల పీడీఎఫ్.జేఎస్ అనే రెడీమేడ్ కోడు ఉంది, ఉచితం. పేజీలు లెక్క తేలగానే ఎంత డబ్బు ఇవ్వాలో, టోకెన్ నంబరు ఎంతో తెర మీద కనిపిస్తుంది. బాబాయ్ వైపు ఇంకో పేజీ: వరుసగా టోకెన్లు, పక్కన పేరు, "ఇచ్చేశాను" అనే బటన్. లాగిన్ లేదు. రాత్రి రెండున్నరకు పూర్తయింది. అప్పటికి వైఫై కూడా పోయింది కాబట్టి ఫోన్ డేటాతో నడిపాం. విద్యార్థులు నడిపినా కాలేజీ నడిపినా రాత్రి ఒంటి గంట దాటితే వైఫై పోతుంది, ఇది రాసిపెట్టుకోండి. కావలసిన లైబ్రరీలన్నీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడంతా, మొదటి గంటలోనే దించుకోండి.

పొద్దున ఎనిమిదింటికి ల్యాప్‌టాప్ పట్టుకుని కొట్టుకు వెళ్లాం. బాబాయ్ అప్పుడే షట్టరు ఎత్తి అగరుబత్తి వెలిగిస్తున్నాడు. విని, "కూర్చో, చూద్దాం" అన్నాడు. వచ్చిన కుర్రాళ్లకు లింకు ఇచ్చాం. ఇరవై నిమిషాల్లో మా సైటు పరువు తీశాడు.

మొదట, ఇద్దరు ఒకే క్షణంలో ఫైలు ఎక్కించారు. ఇద్దరికీ 37 వచ్చింది. ఉన్న టోకెన్లలో పెద్దదానికి ఒకటి కలిపి ఇవ్వమని రాశాం మరి. ఇద్దరూ ఒకేసారి అడిగితే ఇద్దరికీ అదే పెద్ద నంబరు కనిపిస్తుంది. ఆ పని డేటాబేస్‌కే వదిలేయాలని పాఠంలో చదువుకున్నాం, పరీక్షలో రాశాం, మార్కులూ వచ్చాయి. రెండు 37లు కౌంటరు దగ్గర కొట్లాడుకుంటుంటే గానీ బుర్రకెక్కలేదు.

తర్వాత ఒక పెద్దాయన ఆధార్ కార్డుతో వచ్చాడు. ముందూ వెనకా ఒకే కాగితం మీద కావాలి. "రోజుకు సగం పని ఇదేనయ్యా, మీ దాంట్లో ఎలా చేయాలి?" అన్నాడు బాబాయ్. మేం పీడీఎఫ్ తప్ప ఇంకేదీ తీసుకోం. ఆ పెద్దాయనకు పీడీఎఫ్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మూడోది నేను మరిచిపోలేను. "ప్రింట్ తీసేశాక ఈ కాగితాలు ఎక్కడికి పోతాయి?" అని బాబాయ్ అడిగాడు. ఎక్కడికీ పోవు, సర్వర్లోనే ఉంటాయి అన్నాం. "మరి నా ఫోనులో అయితే రాత్రికి చెరిపేస్తాను. జనం ఆధార్లు, మార్కుల జాబితాలు ఇస్తారు, నమ్మకం కదా" అన్నాడు. "ఇచ్చేశాను" నొక్కగానే ఫైలు చెరిగిపోయేలా అక్కడే, ఆ కౌంటరు మీదే, నిలబడి మార్చాం.

పదకొండున్నరకు జడ్జీలు వచ్చారు. మా బల్ల దగ్గర మూడు నిమిషాలు. అడిగిన ప్రశ్న ఒకటే: "ఇందులో బ్లాక్‌చెయిన్ ఎక్కడ వాడారు?" రాసిన లెక్కను ఎవరూ గుట్టుగా మార్చలేకుండా చాలా కంప్యూటర్లలో ఉంచే పద్ధతి అది, ఆ ఏడాది దానిదే ఊపు. ఇప్పుడైతే ఏఐ ఎక్కడ అంటారు. మొదటి బహుమతి బ్లాక్‌చెయిన్ ఓటింగుకు వచ్చింది. వాళ్లు చూపించింది ముందే తీసిపెట్టుకున్న వీడియో. మాకు పాల్గొన్నట్లు సర్టిఫికెట్ వచ్చింది, అందులో నా పేరు తప్పు. నేనేమీ కుళ్లుకోవడం లేదు, కొంచెం తప్ప.

కాబట్టి బహుమతి వచ్చే ఐడియా అడిగితే నేను చెప్పలేను. అది ఆ ఏటి గాలిని బట్టి ఉంటుంది. చేయదగిన ఐడియా అడిగితే మాత్రం చెప్పగలను: మీ గది నుంచి పది నిమిషాల నడకలో ఉన్న మనిషిదై ఉండాలి, ఆ మనిషి చేత హ్యాకథాన్ ముగిసేలోపు వాడించగలగాలి. ఈ కొలతతో చూస్తే జాబితాల్లోని ఐడియాల్లో ముప్పాతిక రాలిపోతాయి.

అసలు మీ హ్యాకథాన్‌నే తీసుకోండి. విద్యార్థులు నడుపుతున్నారన్నారు, అంటే భోజనం కూపన్లు కాగితం మీద, మార్కులు ఎక్సెల్లో, ఏ జట్టు ఏ బల్ల దగ్గరో ఎవరికీ తెలియదు. ఒక జడ్జి అందరికీ తొమ్మిది వేస్తాడు, ఇంకొకాయన ఆరు దాటడు, ఆ రెండూ కూడి సగటు తీస్తారు. అమెరికాలో ఎమ్‌ఐటీ విద్యార్థులు తమ హ్యాక్‌ఎమ్‌ఐటీ కోసం గావెల్ అనే సాఫ్ట్‌వేర్ చేసుకున్నారు. అందులో జడ్జి మార్కులు వేయడు. ఇప్పుడు చూసింది ఇంతకుముందు చూసినదాని కంటే మెరుగా కాదా, అంతే చెబుతాడు. అలాంటి పోలికలన్నీ కలిపి వరుస తేలుస్తుంది. కోడు అందరికీ అందుబాటులో ఉంది. దాన్నే తెలుగులో, ఫోనులో సులువుగా నడిచేలా చేసి, నిర్వాహకుల చేతికే ఇవ్వండి. వాడేవాళ్లను వెతుక్కోనవసరం లేదు, అదే హాల్లో నిద్రలేక తిరుగుతుంటారు.

లేదా పేర్లు వెతికే పెట్టె. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు. కాలేజీ ఆఫీసులో సగం గొడవలు ఇవే, నా సర్టిఫికెట్‌తో సహా. పలుకును బట్టి పేర్లు వెతకడానికి 1918లోనే సౌండెక్స్ అనే పద్ధతికి అమెరికాలో పేటెంటు తీసుకున్నారు, కానీ అది ఇంగ్లీషు నోటికి సరిపోయేది. మన పేర్లకు తగ్గట్టు చేస్తే 24 గంటల్లో తేలే పనే. తెలుగు లిపితో మొదలుపెడితే ఇంకో సరదా ఉంది. "స్త్రీ" అని రాసి, వెబ్ పేజీల్లో వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌ను పొడవు అడగండి, హల్లులనూ పొల్లులనూ గుణింతం గుర్తునూ విడివిడిగా లెక్కపెట్టి ఆరు అంటుంది. మనకు అది ఒక్క అక్షరం. ఫారాల్లో "పది అక్షరాలు మించరాదు" అని పెట్టేవాళ్లు ఇది ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేది.

ఇక ఓటీపీ జోలికి వెళ్లకండి. ప్రతి జట్టూ ఫోనుకు ఓటీపీ పంపిస్తామంటుంది. మన దేశంలో సాఫ్ట్‌వేర్ నుంచి ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపే సంస్థ పేరు, సందేశం నమూనా ముందే నమోదు చేసుకోవాలి. శనివారం రాత్రి కూర్చుని తేల్చుకునే పని కాదు.

ఇంకో మాట. ప్రారంభోత్సవంలో ముఖ్య అతిథి హ్యాకింగ్ ప్రమాదాల గురించి గంట మాట్లాడతారు, సిద్ధంగా ఉండండి. హ్యాకథాన్‌కు ఆ దొంగతనాలతో సంబంధం లేదు. హ్యాకథాన్ అనే మాట పుట్టిందే 1999లో, కెనడాలోని కాల్గరీలో. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసే పది మంది ఒకచోట కూడి తమ సొంత సిస్టమ్ మీద తామే పని చేసుకున్నారు. జడ్జీల్లేరు, టీషర్టుల సైజుల గొడవ లేదు. విద్యార్థులు నడిపే పెద్ద హ్యాకథాన్లకు దారి తీసిన పెన్‌యాప్స్ 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదలైంది. బహుమతులూ స్పాన్సర్ల జెండాలూ పెరిగి పెద్దవయ్యాయి గానీ, సొంత ఇంటి చూరు కారుతుంటే ఎక్కి సర్దుకోవడం అనే ముచ్చట మాత్రం వెనకబడింది.

మా నాన్న ప్రశ్న సంగతి. అమ్మాలా, ఉంచాలా అని ఆయన అడిగిన ఆ సైటు తర్వాత నేనే ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని చేశాను. కోల్డ్ స్టోరేజీ అద్దె, తెచ్చిన అప్పుకు వడ్డీ, తరుగు, ఎన్ని నెలలు ఉంచుతావు, అన్నీ వేస్తే క్వింటాలుకు ఎంత పెరిగితే నష్టం లేకుండా బయటపడతావో చెబుతుంది. సర్వరు లేదు, ఖాతా లేదు, ఒకే పేజీ, నెట్ లేకపోయినా నడుస్తుంది. అంతకుముందు నాన్న ఆ లెక్క పాత క్యాలెండరు కాగితం వెనక వేసేవాడు. ఇప్పుడూ అక్కడే వేసి, తర్వాత నా పేజీతో సరిచూస్తాడు. రెండూ కలవకపోతే తప్పు నాదే అంటాడు. ఒకసారి నిజంగానే నాదే.

జిరాక్స్ సైటు రెండు నెలలు నడిచింది. మేం వాడిన ఉచిత సర్వరు కాసేపు ఎవరూ రాకపోతే నిద్రపోయేది, మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం. "మీ సైటు లేచి ముఖం కడుక్కునేలోపు నలుగురికి తీసిచ్చేస్తాను" అని బాబాయ్ వాట్సాప్‌కే తిరిగి వెళ్లాడు. నెలకు కొన్ని వందలు కట్టడానికి మా దగ్గర డబ్బు లేదు, ఆయన్ను అడగడానికి మొహం చెల్లలేదు.

పోయిన ఏడాది పని మీద ఆ ఊరు వెళ్లి కొట్టులో తొంగి చూశాను. కౌంటరు మీద కొత్త అట్టముక్క: "ఫైలుకు మీ పేరు పెట్టి పంపండి. పేరు లేని ఫైలు తీయబడదు." పక్కన స్టీలు డబ్బాలో ఒకటి నుంచి యాభై దాకా అంకెలు రాసిన ప్లాస్టిక్ బిళ్లలు. వచ్చినవాడికి ఒకటి ఇస్తున్నాడు, కాగితాలు ఇచ్చాక వెనక్కి తీసుకుంటున్నాడు. బాబాయ్ నన్ను గుర్తుపట్టి డబ్బా నా వైపు జరిపాడు. వెతికాను. 37 ఒకటే ఉంది.