స్టెంట్ వేయించుకుని వచ్చాక నాన్నగారికి ఉలుకూ పలుకూ లేదు. ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మూడు వారాల కిందట స్టెంట్ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) వేయించుకుని, ఒంగోలు నుంచి చెన్నై వేళచ్చేరిలో మీ ఇంటికొచ్చిన నాన్నగారు టీవీ ముందు నుంచి లేవడం లేదనీ, అమ్మగారేమో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వడం లేదనీ రాశారు. ఏ వ్యాయామాలు చేయించాలని అడిగారు. నేను డాక్టర్ని కాను. మూడేళ్ళ కిందట అలాగే టీవీ ముందు కూర్చున్నవాణ్ణి, అంతే.

మాది మైలాపూరు. ఆ రాత్రి గుండెల్లో పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకున్నాను. మా ఆవిడ అమృతాంజనం రాసింది, నేను వాము నమిలాను. దవడ లాగుతుంటే పంటి నొప్పని సరిపెట్టుకుని తెల్లారేదాకా ఓర్చుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ పని లేదు. తీరా అది గుండెపోటు. మణికట్టులోంచి తీగ పంపి స్టెంట్ వేశారు, నాలుగో రోజు ఇంటికి పంపేశారు. రిపేరు అంత సులువుగా అయిపోయింది. అసలు అవస్థ ఇంటికొచ్చాకే.

మేం తాగేది క్యాన్ నీళ్ళు. కుర్రాడు 20 లీటర్ల క్యాన్ గుమ్మంలో పెట్టి పోతాడు. దాన్ని ఎత్తి స్టాండు మీద బోర్లించడం ఏళ్ళ తరబడి నా పని. ఇంటికొచ్చిన పదో రోజున క్యాన్ వచ్చింది. అలవాటు కొద్దీ లేచాను. "ఏమండీ!" అని మా ఆవిడ అట్లకాడతో సహా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పక్కింట్లో ప్లస్ టూ చదివే పిల్లాణ్ణి పిలిచింది. వాడు నన్ను చూసి "నీంగ ఉక్కారుంగ అంకుల్" (మీరు కూర్చోండి అంకుల్) అని అరవంలో అన్నాడు. బోర్లించేటప్పుడు సగం చెంబు నీళ్ళు నేలపాలు చేశాడు. నేనైతే చుక్క పడనిచ్చేవాణ్ణి కాదు. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. 57 ఏళ్ళ మనిషిని! మా నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. బయటికొచ్చేసరికి ఆవిడ తలెత్తకుండా నేల తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

కరోనా రోజుల నాటి ఆక్సీమీటర్ ఒకటి ఉండేది. రోజుకి ఇరవై సార్లు వేలికి తగిలించుకునేవాణ్ణి. నాడి 56 చూపిస్తే గుండె ఆగిపోతోందని టెన్షన్. నాకిచ్చిన బీటా బ్లాకర్ మాత్ర పనే నాడిని తగ్గించడమని ఒక్కరు చెప్తే కదా! రాత్రిళ్ళు నేను నిద్ర నటిస్తుంటే మా ఆవిడ నా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది.

దీనికి తోడు చుట్టాలు. బత్తాయిలు చేతికిచ్చి, "మా తోడల్లుడికీ ఇలాగే స్టెంట్ వేశారు, పాపం ఆర్నెల్లకే..." అంటారు. వెల్లుల్లి పాలు తాగితే మాత్రలక్కర్లేదని ఇంకొకాయన వాట్సాప్. ఇలాంటివాళ్ళని గుమ్మంలోనే ఆపండి. రక్తం పలచబడే మాత్రలు రెండూ కలిపి మామూలుగా ఏడాది దాకా వాడమంటారు. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా కార్డియాలజిస్టుని అడక్కుండా ఆపకూడదు. ఆపితే కొత్త స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

సరే, వ్యాయామం. ఇంటికొచ్చిన ఫిజియో అమ్మాయి నాకు చెప్పింది నడకే. మొదట్లో ఇంట్లోనే ఐదు నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. వారం వారం కాస్త పెంచుకుంటూ ఆరు వారాలకి అరగంట. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి, అదీ కొలత అంది. నాకు కూర్చున్నా పాట రాదు, అది వేరే సంగతి. తిన్న వెంటనే వద్దు, చెన్నై మే ఎండలో అసలే వద్దు. మీ నాన్నగారి లెక్క ఆయన డాక్టర్నే అడగండి. నొప్పి వస్తే ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని, డాక్టరిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్. వాము కాదు.

నాలుగో వారం నాగేశ్వరరావు పార్కుకి వెళ్ళాను. పార్కున్న లజ్ సెంటర్ దాకా ఫుట్‌పాత్ అంతా బైకులే, గుండె జబ్బులవాడు రోడ్డు మీద నడవాలి! పార్కులో బెంచీ మీద కూర్చున్నాక తట్టింది. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పార్కు ఇది. గుండెపోటుకి అమృతాంజనం రాసుకున్నవాడు ఆయన పార్కులోనే మళ్ళీ నడక నేర్చుకుంటున్నాడు. మా ఆవిడకి చెప్తే పకపకా నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

ఆ దిగులుని మాత్రం 'అదే పోతుంది'లే అని వదిలేయకండి. గుండెపోటు వచ్చినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. గుండె జబ్బు ముదిరే కారణాల్లో దాన్నీ చేర్చాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే చెప్పింది. బీపీ చూస్తారు, కొలెస్ట్రాల్ చూస్తారు, నిద్ర పడుతోందా అని మాత్రం నన్నెవరూ అడగలేదు. ఈసారి చూపించడానికి వెళ్ళినప్పుడు మీరే ఎత్తండి ఆ మాట.

నన్నడిగితే సగం మందు అమ్మగారి చేతిలో ఉంది. ఒంగోల్లో ఆయన రోజూ చేసే పని ఏదో ఉండే ఉంటుంది. వంకాయలు ఏరి తేవడమో, పొద్దున్నే పాలు కాచడమో. బరువులు కానిది ఏదైనా సరే, తిరిగి ఆయనకే ఇచ్చేయండి. మా ఇంట్లో ఇప్పుడు క్యాన్ కిందే ఉంటుంది, మీద చార్జింగ్ పంపు. దానికి చార్జింగ్ పెట్టేది నేనే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను.

మీ ఇంట్లో కూడా ఆక్సీమీటర్ ఉంటే దాచేయండి. మా ఆవిడ కందిపప్పు డబ్బాలో దాచింది. ఏడాదిదాకా నాకు దొరకలేదు.